మేనమామ దంచిన ముద్ద

లరోనాని చూసినవాళ్ళందరం ఒకటే మాట అనేవాళ్ళం. ఇంత నెమ్మదైన పిల్లని ఎక్కడా చూడలేదని.

ఏడ్చేది కాదు. పాలు తాగేది, పడుకునేది. మెలకువ వస్తే మరులా చెట్టు కింద చాప మీద వెల్లకిలా పడుకుని ఆకుల సందుల్లోంచి దిగే ఎండని చూస్తూ ఉండేది. ఆ ఎండ మచ్చలు మచ్చలుగా దాని పొట్ట మీద కదులుతుంటే పట్టుకుందామని చెయ్యి కూడా చాపేది కాదు. చూస్తూ చూస్తూనే రెప్పలు వాల్చేసేది.

మా ఇంటికీ వాళ్ళ ఇంటికీ మధ్య ముళ్ళకంచె ఒక్కటే అడ్డం. నేను ఇటువైపు జొన్నలు చెరుగుతూ తలెత్తితే, అటువైపు ఇల్లంతా నిద్రలో తేలుతున్నట్టు కనిపించేది. ముసలావిడ మొసీది గోడకి ఆనుకుని కునికిపాట్లు పడుతుండేది. ఆవిడ మనవరాలు సెతున్యా బిడ్డ పక్కనే ఒత్తిగిలి పడుకుని, ఒక చెయ్యి బిడ్డ మీద వేసి, కళ్ళు సగం తెరిచి సగం మూసి ఉండేది. నిద్రో మెలకువో చెప్పలేం. పిలిస్తే, ఎక్కడో లోతైన చోటు నుంచి పైకి వస్తున్నట్టు కాసేపటికి "ఆఁ పిన్నీ" అనేది.

వానలకు ముందు మా బోట్స్వానాలో కాసే ఎండలు అలాంటివి. కోళ్ళు కూడా రెక్కలు విప్పుకుని నీడలో పడి ఉంటాయి. దూరంగా వెళ్ళే మనిషి నేల మీద కాకుండా నీళ్ళ మీద నడుస్తున్నట్టు కనిపిస్తాడు. ఆ రోజుల్లో ఎవరు నిద్రపోతున్నా అనుమానం ఎందుకొస్తుంది? ఎండ అనుకున్నాం.

సెతున్యా కడుపుతో ఉన్నప్పటి నుంచీ మాంసం వాసన పడేది కాదు ఆమెకి. మా ఊళ్ళో అది పడకపోతే బతకడం కష్టం. పెళ్ళయినా, చావయినా, కొత్త ఇంటికి తలుపు పెట్టినా మూడుకాళ్ళ ఇనుపకుండ పొయ్యి ఎక్కాల్సిందే. పాపం, ఎక్కడ పొగ లేచినా తలగుడ్డ కొస ముక్కుకి అడ్డం పెట్టుకుని ఇంట్లోకి పోయేది. కాన్పు అయితే పోతుందిలే అన్నాం. పోలేదు. జొన్న సంకటి, చిక్కుళ్ళు, చక్కెర దండిగా వేసిన టీ, అంతే ఆమె తిండి.

దానికి తోడు ఒక గొడవ కూడా ఉంది.

సెతున్యాకి తల్లీ తండ్రీ లేరు. అన్న దితీరో ఉన్నాడు. ఊరికి దూరంగా, పశువుల మంద దగ్గరే ఉంటాడు. మాంసం దంచడంలో ఊళ్ళో అతన్ని మించినవాడు లేడు. ఏ కార్యం జరిగినా సెస్వా అతనే చేయాలి. తెల్లవారకముందే కుండ ఎక్కించి, మాంసం ఎముక నుంచి దానంతట అదే విడిపోయేదాకా ఉడికించి, కర్రరోకలితో దంచి దంచి పోగు పోగుగా చేసేవాడు. అతను దంచిన సెస్వా నోట్లో పెట్టుకుంటే నమిలే పనుండదు. తండ్రి పోయాక ఇంటికి పెద్ద అతనే. చెల్లెల్ని చేసుకుంటామని ఎవరైనా వస్తే మాట్లాడాల్సింది అతనే.

లరోనా తండ్రి మొదీరీ లారీ డ్రైవరు. మంచివాడే. నెలనెలా వచ్చేవాడు, పిండి బస్తా తెచ్చేవాడు. కానీ పిల్లని ఇమ్మని అడగడానికి వాళ్ళ పెద్దలు మాత్రం రాలేదు. ఆ కోపం దితీరో లోపల పెట్టుకున్నాడు. చెల్లెలు నెల ముందుగా ప్రసవించిందని తెలిసి వచ్చాడు. బాలింత ఉన్న గదిలోకి మగవాళ్ళు వెళ్ళరు కాబట్టి వాకిట్లోనే నిలబడ్డాడు. బాలింతకి మేకని కోయాలి కదా, ఎప్పుడు కోస్తావురా అని మొసీది అడిగింది.

"అడగడానికి ఎవ్వరూ రాని పిల్లకి నా మేకని ఎందుకు కోస్తాను? కన్నవాడింటి నుంచి తోలుకురమ్మను" అన్నాడు. గొంతు తగ్గించలేదు.

తలుపు లోపలి నుంచి సెతున్యా మాట వినిపించింది. అప్పటికి లేచి కూర్చోడానికి కూడా ఓపిక లేదు ఆమెకి.

"నా బిడ్డకి నీ మేక అక్కర్లేదన్నా. నీ మాంసం నువ్వే తిను."

దితీరో వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ వాకిలి తొక్కలేదు. మేనకోడలి మొహమైనా చూడలేదు.

*

పిల్లకి ఎనిమిదో నెల వచ్చాక టీకా వేయించడానికి సెతున్యా క్లినిక్‌కి బయల్దేరింది. దారిలో ఎక్కడ పడిపోతుందో అని నేనూ వెంట వెళ్ళాను. అనుకున్నట్టే రెండుసార్లు చెట్టు నీడన ఆగింది. "కళ్ళ ముందు తెల్లగా అవుతోంది పిన్నీ" అంది. ఎండ అన్నాను నేను. అన్నిటికీ ఎండే మా దగ్గర జవాబు.

నర్సమ్మ సెరామె పిల్ల తొడకి సూది గుచ్చింది. పిల్ల పెదవులు కాస్త కదిలించి, నర్సమ్మని చూసి, కళ్ళు మూసుకుంది.

"ఏడవలేదే?" అంది నర్సమ్మ.

"మా పిల్ల ఏడవదండీ" అని గర్వంగా చెప్పాను.

"సూది గుచ్చితే ఏడవాలమ్మా."

ఆ మాట ఆవిడ మామూలుగానే అంది. కానీ నా గర్వం అక్కడితో దిగిపోయింది. నర్సమ్మ బొటనవేలితో పిల్ల కింది కనురెప్పని మెల్లగా లాగింది. లోపల ఎర్రగా ఉండాల్సిన చోట జొన్నపిండి రంగు. తర్వాత సెతున్యా గడ్డం పట్టుకుని ఆమె రెప్పనీ లాగి చూసింది. అక్కడా అదే రంగు.

"తల్లీకూతుళ్ళకి ఒకే జబ్బు" అంది. పిల్ల మడమ నుంచి, తల్లి వేలి నుంచి ఒక్కో రక్తపు చుక్క తీసి చిన్న యంత్రంలో పెట్టి చూసింది. ఇద్దరికీ రక్తం చాలా తక్కువని పెదవి విరిచింది.

"ఏం పెడుతున్నావు పిల్లకి?"

"పాలు. జొన్న జావ" అంది సెతున్యా.

"ఇంకా?"

"టీ. అమ్మమ్మ తాగిస్తుంది, కొంచెం."

"టీయా! ఆ ముసలావిడతో నేను మాట్లాడతాలే. టీ ఆపెయ్, అది ఒంటికి రక్తం పట్టనివ్వదు. మాంసం పెట్టు."

సెతున్యా చెయ్యి తలగుడ్డ కొస మీదికి పోయింది. "పళ్ళే రాలేదు కదండీ."

"నమలక్కర్లేనంత మెత్తగా చేసి పెట్టు. కార్జం అయితే మరీ మంచిది. చూడు తల్లీ, నెల ముందు పుట్టిన పిల్ల ఇది. కడుపులో ఉండగా మూట కట్టుకోవాల్సిన బలాన్ని కట్టుకోకుండానే వచ్చేసింది. ఉన్న కాస్తా ఇన్నాళ్ళూ ఖర్చు పెట్టుకుంది. నీ పాలు మానొద్దు. కానీ పాలొక్కటే ఇక దానికి చాలవు. ఇది నెమ్మదైన పిల్ల కాదు. ఓపిక లేని పిల్ల."

ఐరన్ చుక్కలు పిల్లకీ మాత్రలు తల్లికీ ఇచ్చింది. మాంసం బాగా ఉడకాలని, ఎముక ముక్కా నరం పీసూ లేకుండా వేళ్ళతో నలిపి చూడాలని, ఉప్పు వేయొద్దని, మొదట చెంచా కొసన అంటినంత పెట్టి రోజురోజుకీ పెంచాలని చెప్పింది. గుమ్మం దాకా వచ్చి మళ్ళీ పిలిచింది.

"పెద్దవాళ్ళు నమిలి పెట్టడం మాత్రం వద్దు. నోటి నుంచి నోటికి జబ్బులు పోతాయి."

ఇంటికొచ్చి ఇదంతా చెబితే మొసీదికి కోపం వచ్చింది. "నమలకూడదా? వీళ్ళమ్మకి నేనే నమిలి పెట్టాను. ఆ దితీరోగాడికి నమిలి పెట్టాను. ఇదిగో ఈ సెతున్యాకీ నమిలి పెట్టాను. ఎవరు చచ్చారు?"

"ఇప్పుడు వద్దంటున్నారు పెద్దమ్మా" అన్నాను.

ముసలావిడ నోరు తెరిచి చిగుళ్ళు చూపించింది. "అయినా నమలమంటే మాత్రం దేంతో నమలనే? ఆవిడ వద్దన్నది నయమైంది. పరువు దక్కింది."

సెతున్యా నవ్వబోయింది. ఆ నవ్వు కూడా సగం దారిలో అలిసిపోయింది.

*

మర్నాడు సెతున్యా కొట్టు నుంచి కార్జం తెచ్చి పొయ్యి మీద పెట్టింది. నీళ్ళు మరగడం మొదలైందో లేదో, కంచె దగ్గరికి పరిగెత్తి తాగిన టీ అంతా కక్కింది. కుండ దించి దూరంగా పెడితే అది కుక్కల పాలైంది. ఇంకోరోజు ముక్కుకి గుడ్డ గట్టిగా కట్టుకుని ప్రయత్నించింది. అప్పుడూ అంతే.

సరే నేను వండి తెస్తానన్నాను. మా ఇంట్లోనే ఉడికించి గరిటెతో నలిపి పట్టుకెళ్ళాను. నాకూ తొందరెక్కువ. మెత్తగా అయిందనుకున్నాను కానీ ఎక్కడో ఒక పలుకు ఉండిపోయింది. పిల్లకి గొంతు దగ్గర అడ్డం పడి ముఖం కందిపోయింది. సెతున్యా దాన్ని లాక్కుని బోర్లా తిప్పి వీపు మీద చరిచింది. ఆ ముక్క బయటికి వచ్చి పడింది.

"ఇక వద్దు పిన్నీ. దానికి ఇష్టం లేదు, నాకూ లేదు. నిద్రపోనీ."

ఆ మాట అన్న తీరు నాకు నచ్చలేదు. ఎవరో లాలిపాట పాడి ఆ ఇద్దర్నీ వెంట తీసుకుపోతున్నట్టు ఉంది. ఐరన్ చుక్కలు వేస్తున్నానని చెప్పేది గానీ సీసా అలాగే నిండుగా కనిపించేది. గుర్తుండటం లేదు ఆమెకి. మాట మధ్యలో ఆగిపోయేది. కడవ ఎత్తుకుని కుళాయి దాకా వెళ్ళి, ఎందుకొచ్చిందో మర్చిపోయి నిలబడేది.

మొసీది నాలాగా మాటలతో పొద్దుపుచ్చే మనిషి కాదు. మందల దగ్గరికి నీళ్ళు తోలే ట్యాంకరు మా వీధిలోంచే వెళ్తుంది. ఒక పొద్దున ఆవిడ రోడ్డుకి అడ్డంగా కర్ర పట్టుకుని నిలబడి దాన్ని ఆపింది.

"నా మనవడు దితీరోకి చెప్పు. నీ మేనకోడలు నిద్ర లేవడం లేదురా అని చెప్పు. అంతే చెప్పు. ఇంకేం కలపకు."

*

ట్యాంకరు వెళ్ళిన మర్నాడే దితీరో వచ్చాడు. గాడిదబండి మీద, కాళ్ళు కట్టేసిన నల్లమేకతో. మనిషి దుమ్ము కొట్టుకుపోయి ఉన్నాడు. కనుబొమల మీద కూడా ఎర్రమట్టి. బండి దిగి నేరుగా చెట్టు కిందికి నడిచాడు.

చాప మీద పిల్ల. పక్కన చెల్లెలు. సెతున్యా అతన్ని చూసి లేచి కూర్చుంది. అతను ఆమెని పలకరించలేదు. గొంతుక్కూర్చుని, ఆ రోకలి పట్టే రెండు చేతులతో పిల్లని ఎత్తుకున్నాడు. ఎత్తాక అలాగే ఉండిపోయాడు. మేకపిల్లల్ని ఎత్తి ఎత్తి అలవాటైన చేతులు. ఏ వయసుకి ఎంత బరువుండాలో అవి తెలుసుకోకుండా ఉండవు.

లరోనా కళ్ళు తెరిచి, ఎక్కడో దూరాన ఉన్న కొండని చూసినట్టు మేనమామ ముఖాన్ని చూసి, మళ్ళీ మూసుకుంది.

"లరోనా" అన్నాడు దితీరో. దగ్గి మళ్ళీ అన్నాడు. "లరోనా, మీ అమ్మని అడుగు. నాకు ఎందుకు కబురు చేయలేదో అడుగు."

సెతున్యా కూడా పిల్లకే చెప్పింది. "లరోనా, మీ మామకి చెప్పు. ఆయన మేక నాకు అక్కర్లేదని అప్పుడే చెప్పానని."

"మేక మీ అమ్మకి కాదు, నీకు తెచ్చానని చెప్పు."

"నాకు పళ్ళు లేవని చెప్పు మామకి."

"పళ్ళు లేకపోతే ఏం, నాకు రోకలి ఉందని చెప్పు మీ అమ్మకి."

మధ్యలో మొసీది అందుకుంది. "ఒరేయ్, ఈ ఇంట్లో పళ్ళు లేనివాళ్ళం ఇద్దరం ఉన్నాం. దంచేటప్పుడు ఆ లెక్క కూడా చూసుకో. పసిపిల్ల చేత రాయబారాలు మోయిస్తారేంట్రా, దానికి నడుమే నిలవట్లేదు."

దితీరో మేకని ఇంటి వెనక్కి తీసుకెళ్ళాడు.

సెతున్యా పిల్లని ఎత్తుకుని గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. వాసన రాకుండా తలుపు సందులో గుడ్డ కుక్కడం నేను చూశాను. నేను పొయ్యి దగ్గర దితీరోకి సాయం కూర్చున్నాను. అతను కార్జాన్ని కడిగి పైపొర తీసి, లోపలి నరాలన్నీ ఒక్కొక్కటీ ఏరి పారేశాడు. చిన్న కుండలో మెల్లటి మంట మీద ఉడకబెట్టాడు. పక్కనే పెద్దకుండలో ముందుకాలి మాంసం ఎముకలతో సహా పడేశాడు. కర్రరోలుని రెండుసార్లు మరిగే నీళ్ళతో కడిగాడు. రోకలి కొసని గోళ్ళతో గీకి వాసన చూశాడు.

"పెళ్ళికి కూడా ఇంత కడగవు నువ్వు" అన్నాను.

"పెళ్ళికి వచ్చేవాళ్ళ కడుపులు రాళ్ళు అరిగించుకుంటాయి పిన్నీ."

కార్జం ఉడికి చల్లారాక దంచడం మొదలుపెట్టాడు. మామూలుగా అతను దంచుతుంటే నేల అదురుతుంది. ఆ రోజు వేరేగా దంచాడు. రోకలిని ఎత్తినట్టే ఎత్తి దాని బరువుకి అదే పడేలా వదిలేవాడు. దుమ్. కాసేపు ఆగి, దుమ్. ఎండ, పొగ, ఆ చప్పుడు. వింటూ వింటూ నాకే కళ్ళు మూతలు పడ్డాయి.

లోపల సెతున్యాకి ఏమైందో తర్వాత ఆమే చెప్పింది.

పడుకోగానే కలలో ఎప్పుడూ వెళ్ళే చోటికే వెళ్ళిందట. అక్కడ నేల తెల్లగా ఉంటుంది, ఆకాశం తెల్లగా ఉంటుంది, గడ్డి తెల్లగా ఉంటుంది. తన అడుగుల చప్పుడు తనకే వినపడదు. ముందు ఒక చిన్నపిల్ల నడుస్తూ పోతుంటుంది. అది లరోనాయే, కానీ నడిచేంత పెద్దది. ఎంత నడిచినా ఆ పిల్ల అందదు, పిలుద్దామంటే గొంతు రాదు. రోజూ ఇలాగే జరిగేది. ఎంతో హాయిగా కూడా ఉండేది, అదే భయం అంది. ఆ రోజు మాత్రం కాళ్ళ కింద నేలలోంచి చప్పుడు వచ్చిందట. దుమ్ అని. పిల్ల ఆగింది. మళ్ళీ దుమ్. దూరంగా తెల్లగడ్డిలోంచి ఒక ఎర్రటి ఆవు లేచి నిలబడింది. ఇంకో చప్పుడుకి ఇంకో ఆవు. నల్లది, మచ్చలది, గోధుమరంగుది. అలా ఒక్కొక్క చప్పుడుకీ ఒక్కొక్క పశువు లేచి, మంద మంద అంతా కదిలి, వాటి ఒంటి వేడి, పేడవాసన, పాలవాసన అన్నీ ఒక్కసారి మీదికి వచ్చాయట. పిల్ల వెనక్కి తిరిగింది. తిరిగి, నోరు పెద్దగా తెరిచింది.

సెతున్యాకి మెలకువ వచ్చేసరికి నోరంతా నీళ్ళు ఊరి ఉంది. గదినిండా మాంసం వాసన. కక్కు వస్తుందని చూసిందట. రాలేదు. పొట్టలో ఏదో గీకుతున్నట్టు ఉంది. అది ఆకలని గుర్తుపట్టడానికి కాస్త సేపు పట్టిందట.

ఆమె తలుపు తీసుకుని బయటికి వచ్చేసరికి ఎండ వాలింది. దితీరో చెట్టు కింద ముక్కాలిపీట మీద కూర్చుని ఉన్నాడు. గిన్నెలో కార్జం ముద్ద, అది ఉడికిన నీళ్ళతో కలిపి పలచగా, తడిమట్టి రంగులో మెరుస్తోంది. దాన్ని అతను రెండువేళ్ళ మధ్య పెట్టి నలిపి నలిపి చూస్తున్నాడు. పలుకు దొరుకుతుందేమో అని.

"లరోనా, మీ అమ్మని నిన్ను ఒళ్ళో పెట్టుకుని నిటారుగా కూర్చోమను."

సెతున్యా కూర్చుంది. అతని చేతిలో చెంచా పుల్లలా కనిపించింది. కొసన కాస్త ముద్ద తీసుకుని పిల్ల పెదవికి తాకించాడు. పిల్ల నాలుకతో బయటికి తోసేసింది. చుబుకం మీదికి కారింది. చెంచాతోనే తీసి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ తోసింది. "తొందరేం లేదు" అన్నాడు. ఎవరితో అన్నాడో తెలీదు. మూడోసారి పిల్ల దాన్ని నోట్లో ఉంచుకుంది. ఉంచుకుని కదలకుండా కూర్చుంది. నుదురు చిట్లించింది. గొంతు చిన్నగా కదిలింది.

"మింగింది" అంది మొసీది.

ఇంకో చెంచా. ఇంకోటి. ఈసారి చెంచా ఇంకా దూరంగా ఉండగానే పిల్ల నోరు తెరుచుకుంది. నర్సమ్మ మొదటిరోజు కొంచెమే అన్నదని నేను గుర్తుచేశాను. దితీరో చెంచా గిన్నెలో పెట్టేశాడు.

పిల్ల గిన్నె వైపు చూసింది. మామ వైపు చూసింది. పెదవులు వంకర తిరిగాయి. ఒక సన్నటి మూలుగు మొదలై, పెరిగి పెరిగి, ఒక్కసారి ఏడుపై బద్దలైంది. ఎర్రగా, కోపంగా, కాళ్ళు తన్నుకుంటూ. ఎనిమిది నెలల్లో ఆ పిల్ల గొంతు అంత గట్టిగా వినడం మాకు అదే మొదలు. చెట్టు మీది పిట్టలు లేచిపోయాయి.

మొసీది నవ్వుతోందో ఏడుస్తోందో నోట్లో పళ్ళు లేక తెలియలేదు. "అరవ్వే తల్లీ, అరవ్వే! మామ మీద అరవ్వే! ఇన్నాళ్ళూ ఎక్కడ పోయావురా అని అరవ్వే!"

పిల్లని ఊరుకోబెట్టే హడావుడిలో గిన్నె సంగతి ఎవరం చూడలేదు. చూసేసరికి సెతున్యా ఒక చేత్తో పిల్లని అదుముకుని, రెండో చేత్తో గిన్నె ఊడ్చి తింటోంది. వేళ్ళు నాకుతోంది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, ఆ సంగతి ఆమెకి తెలుస్తున్నట్టు లేదు.

దితీరో చూసి ముఖం తిప్పుకున్నాడు. పెద్దకుండ దగ్గరికి వెళ్ళి ముందుకాలి మాంసం ఒక పళ్ళెంలో వేసుకొచ్చి చెల్లెలి ముందు పెట్టాడు.

"తిను" అన్నాడు. నేరుగా ఆమెతోనే.

సెతున్యా తలెత్తింది. "ఆ రోజు నువ్వు అన్న మాట..."

"అన్నాను."

"నేనూ అన్నాను."

"పెద్దవాణ్ణి నేను. నేను అనకుండా ఉండాల్సింది. తిను, చల్లారిపోతుంది."

*

ఒక్క ముద్దతో పిల్ల లేచి పరిగెత్తిందని చెబితే అబద్ధం అవుతుంది. నిద్ర చాలా రోజులు వదల్లేదు. అయితే దితీరో కూడా మందకి తిరిగి వెళ్ళలేదు, పశువుల్ని పక్కమంద వాళ్ళకి అప్పజెప్పాడు. మేక మాంసంలో మిగిలిందాన్ని సన్నగా చీరి తీగల మీద ఎండబెట్టాడు. బాగా ఎండాక రోట్లో వేసి పొడికొట్టి, జల్లెడ పట్టి, పొద్దున జొన్నజావలో ఉడికించి పెట్టమనేవాడు. మధ్యాహ్నం దంచిన మెత్తటి మాంసం. నల్లి ఎముకలోంచి తట్టి తీసిన మూలుగ ఒకరోజు. చుక్కలమందు మాత్రం మొసీది తన చేతిలోకి తీసుకుంది. పిల్లకి టీ పట్టడం మానేసినందుకు ఆ పెత్తనం తనకి కావాలంది.

సెతున్యా ముఖంలోకి మెల్లగా రంగు తిరిగింది. ఒకరోజు కుళాయి దగ్గర నాతో పోట్లాడింది కూడా, నా కడవ ముందు పెట్టానని. నాకెంత సంతోషం వేసిందో.

ఇక లరోనా. మేమందరం మెచ్చుకున్న ఆ నెమ్మదైన పిల్ల ఏమైపోయిందో దేవుడికి తెలియాలి. కూర్చోవడం నేర్చింది, ఆ తర్వాత పాకడం. పాకుతూ వచ్చి కంచె సందులోంచి మా కోళ్ళని అరిచి బెదిరించేది. గిన్నె చప్పుడైతే చాలు వీధి చివరికి వినపడేలా కేకలు పెట్టేది. మా ఇంట్లో మధ్యాహ్నం నిద్రలు పోయాయి. మా ఆయన "ఆ పిల్లకి మాంసం మాన్పించండే" అని దండం పెట్టేవాడు.

నర్సమ్మ మళ్ళీ రెప్ప లాగి చూడబోతే ఆవిడ వేలు పట్టుకుని కొరికింది. అప్పటికి కింద ఒక పన్ను వచ్చింది. "బాగుంది, చూడక్కర్లేదు" అంది నర్సమ్మ వేలు విదిలించుకుంటూ.

మొదీరీ ఆ నెల పిండిబస్తాతో వచ్చినప్పుడు దితీరో వాకిట్లోనే ఉన్నాడు. మొదీరీ బస్తా దించడం మర్చిపోయి భుజాన పెట్టుకునే నిలబడ్డాడు.

"నమస్కారం బావగారూ."

"అప్పుడే బావనయ్యానా? మీ పెద్దవాళ్ళకి కాళ్ళు నొప్పులా, ఇటు రావడానికి?"

"మా పెదనాన్నకి నిజంగానే కాళ్ళనొప్పులండీ. అందుకే..."

దితీరో బస్తా వైపు చెయ్యి చూపించాడు. "బస్తా దించవయ్యా, మెడ విరుగుతుంది. కోతలయ్యాక గాడిదబండి పంపిస్తాను మీ పెదనాన్నకి. పరుపు వేసి పంపిస్తాను. అప్పుడు ఏం సాకు చెబుతారో చూస్తాను."

గోడ వెనక సెతున్యా నవ్వు ఆపుకోలేక నోటికి తలగుడ్డ అడ్డం పెట్టుకోవడం నాకు కంచె ఇవతల నుంచి కనిపించింది.

ఆ వారం చివర్లో మొదటి వాన పడింది. పడీ పడగానే ఊరు ఊరంతా పొలాలకి కదిలింది. మా పొలాలూ వాళ్ళ పొలాలూ ఒకచోటే కాబట్టి దితీరో బండిలోనే మేమూ సామాన్లు వేసుకున్నాం. విత్తనాల సంచులు, పరుపులు, కుండలు, వాటి మీద మొసీది, ఆవిడ ఒళ్ళో పిల్ల. గాడిదలు బురదలో నెమ్మదిగా నడుస్తుంటే, కడిగినట్టున్న ఆకుపచ్చని వెలుతురులో ముళ్ళచెట్లన్నీ మాతోపాటే వస్తున్నట్టు అనిపించింది. తడిమట్టి వాసన పీలుస్తూ కూర్చున్నాం.

పొలం చేరాక దితీరో ముళ్ళకంపలు తొలగించి దారి చేశాడు. సెతున్యా పిల్లని దించి తడినేల మీద కూర్చోబెట్టి, పొయ్యి కోసం మూడు రాళ్ళు ఏరడానికి వెళ్ళింది. లరోనా రెండు చేతులా మట్టి తీసుకుని, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నోరు తెరిచింది.

"అన్నా, పట్టుకో దాన్ని! తినేస్తుంది!" అని అరుస్తూ సెతున్యా రాళ్ళు పారేసి, పొలానికి అడ్డంపడి పరిగెత్తుకొచ్చింది.